వెనక ప్యానెల్ మూతపడని కంప్యూటర్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పార్టులు కొనుక్కొచ్చి ఇంట్లో నేనే కంప్యూటర్ బిగించుకున్నాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, దానితో వచ్చిన కూలరే, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్, 650 వాట్ల నాన్ మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీయలేని పవర్ సప్లై), ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, పాత కంప్యూటర్‌లోంచి తీసిన హార్డ్ డిస్క్, నాలుగు లైట్ల ఫ్యాన్లు. అన్నీ పనిచేస్తున్నాయి. కానీ వైర్లన్నీ కుప్పగా పడ్డాయి. వెనక ప్యానెల్ మూయాలంటే క్యాబినెట్‌ను పడుకోబెట్టి మోకాలితో నొక్కాల్సి వస్తోంది. గేమ్ ఆడుతుంటే ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తోంది. వైర్లు గాలికి అడ్డం పడటం వల్లే అని మా మామయ్య అంటున్నాడు. ఒక్కోసారి లోపల టకటకమని చప్పుడు వస్తోంది. ఆన్‌లైన్‌లో మాడ్యులర్ కేబుల్ సెట్లు దొరుకుతాయి, అవి కొని మార్చెయ్ అని ఫ్రెండ్ చెప్తున్నాడు. మొత్తం విప్పి మళ్లీ బిగించాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో చిన్న విషయం, కాళ్లకు చెప్పులు లేనప్పుడు క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటోంది.

జవాబు: తమ్ముడూ, చివర్లో చిన్న విషయం అని రాశావు చూడు, ముందు దాని సంగతి చూద్దాం. మిగతావన్నీ ఒక వారం ఆగినా ఏమీ కాదు. అది ఆగదు.

క్యాబినెట్ జిల్లుమంటోందంటే చాలావరకు నీ ప్లగ్‌కు ఎర్త్ అందడం లేదనే అర్థం. కరెంటులో వచ్చే గోలను వడకట్టడానికి ఎస్‌ఎంపీఎస్ లోపల చిన్న కెపాసిటర్లు పెడతారు. అవి ఒకవైపు ఫేజ్‌కు, న్యూట్రల్‌కు, ఇంకోవైపు ఎస్‌ఎంపీఎస్ రేకు డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే మన 230 వోల్టుల్లో దాదాపు సగం ఆ రేకు మీదే నిలబడిపోతుంది. అందులో కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తోంది. కానీ రేపు లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోయి ఫేజ్ నేరుగా రేకుకు తగిలితే, ఫ్యూజు ఎగిరేలా చేసి మనిషిని కాపాడాల్సింది ఆ ఎర్త్ తీగే. అది లేని కంప్యూటర్‌ను ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ముట్టుకునే చోట పెట్టుకోవద్దు.

మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చావేమో చూడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరులో మూడు తీగలకు బదులు రెండే ఉన్నాయేమో చూడు. ఆ రెండూ బాగానే ఉంటే గోడ సాకెట్‌లోనో, ఇంటి ఎర్త్ గుంతలోనో లోపం ఉంది. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు వేసి పెట్టిన ఎర్త్ గుంతలు మన ఎండలకు పూర్తిగా ఎండిపోతాయి. నేల ఎండితే ఎర్త్ పట్టదు. అందుకే ఎండాకాలంలో దాంట్లో నీళ్లు పోయమని పాత ఎలక్ట్రీషియన్లు ఇంటింటికీ చెప్పేవాళ్లు. ఈ పని మాత్రం నువ్వు చేయకు, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ బల్బు పెట్టి ఐదు నిమిషాల్లో తేల్చేస్తాడు.

ఇక వేడి. మీ మామయ్య మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ 85 డిగ్రీలకు వైర్లు కారణం కావు. ఇప్పటి క్యాబినెట్లలో ముందు ఫ్యాన్లు గాలి లాగుతాయి, వెనక ఫ్యాన్ బయటికి నెడుతుంది. మధ్యలో నాలుగు వైర్లు వేలాడితే గాలి వాటి పక్కనుంచి పోతుంది. మహా అయితే ఒకటి రెండు డిగ్రీల తేడా. సరిగ్గా ఫ్యాన్ ముందరే పెద్ద కట్ట అడ్డం పడితే వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మే నెలలో హనుమకొండలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు స్లాబు కింద గదిలో సాయంత్రం కూడా 38 తగ్గదు. అదే కంప్యూటర్‌ను 25 డిగ్రీల ఏసీ గదిలో పెడితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలే తగ్గుతుంది, వైరు ఒక్కటి కూడా కదపకుండా. పైగా నీ 7600 ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలని ఏఎండీ చెప్తోంది. దానితో డబ్బాలో ఇచ్చిన ఆ పొట్టి కూలర్‌తో, మన ఎండలో 85 అంటే పరేషాన్ కావాల్సిన అంకె కాదు. నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చెయ్యి. పక్కనున్న అద్దం ప్యానెల్ తీసేసి అదే గేమ్ అరగంట ఆడు. ఐదారు డిగ్రీలు పడిపోతే గాలి దారిలో ఏదో అడ్డం ఉంది. ఒకటి రెండే పడితే వైర్లను నిందించి లాభం లేదు.

అన్నట్టు, ఎండ కదా అని ఎయిర్ కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పి పెట్టకు. ఆ తడి గాలి, అప్పుడప్పుడూ వచ్చే తుంపర, నేరుగా లోపలికి పోతాయి.

మరి వైర్లు సర్దడం ఎందుకు అంటావా? మోకాలితో నొక్కే ఆ ప్యానెల్ కోసం. ప్యానెల్ బలంగా నొక్కుకుంటే ఆ ఒత్తిడి పోయి కనెక్టర్ల మీద పడుతుంది. అన్నిటికంటే ముందు విరిగేది హార్డ్ డిస్క్‌కు పెట్టే సాటా పవర్ కనెక్టర్. అది దూరే చోట, డిస్క్ వైపు, ఎల్ ఆకారంలో సన్నని ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. ఆ నాలుక విరిగితే డిస్క్ బాగున్నా అందులోని ఫొటోలు తీసుకోవడానికి రిపేర్ షాపుల చుట్టూ తిరగాలి. రెండోది ఆ టకటక చప్పుడు, ఏదో వైరు ఫ్యాన్ రెక్కకు తగులుతోంది కాబోలు. మూడోది దుమ్ము. వైర్ల కుప్పలో చేరిన దుమ్ము బ్లోయర్‌తో పోదు. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో ఎగిరే నూగు, రామగుండం, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము, గ్రానైట్ క్వారీల దగ్గర రాతి పొడి, ఊరికో రకం. క్యాబినెట్ లోపల ఖాళీ కనిపిస్తేనే శుభ్రం చేయాలని మనిషికి బుద్ధి పుడుతుంది.

నీ ఉత్తరం చదివితే నాకు ఒకటి అనిపించింది. నువ్వు అన్నీ బిగించాక, చివర్లో, మిగిలిన వైర్లను వెనక్కి తోసి కేబుల్ టైలతో గట్టిగా బిగించి ఉంటావు. చాలామంది చేసేది అదే. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు పడుగు సాపు చేసుకున్నాకే పేక వేస్తారు, నేత మొదలయ్యాక పడుగు సర్దుతామంటే కుదరదు. కంప్యూటర్‌లో కూడా లావు వైర్ల దారి ముందే ఖాయం కావాలి. టై అనేది వైరును ఆ దారిలో నిలిపి ఉంచుతుంది, అంతే. దారే తప్పితే ఎన్ని టైలు వేసినా ప్యానెల్ ఉబ్బుతూనే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే టైలే ఉబ్బిస్తాయి. 24 పిన్నుల కేబుల్‌ను పరిచి పెడితే పల్చగా పడుకుంటుంది. దాన్ని టై వేసి గట్టిగా లాగావనుకో, గుండ్రంగా బొటనవేలంత లావు అవుతుంది. చాలా క్యాబినెట్లలో మదర్‌బోర్డ్ వెనక ఉండే ఖాళీ రెండు సెంటీమీటర్లు, అటూఇటూ. అందులో బొటనవేలంత కట్ట మీద ఇంకో కట్ట పడితే మోకాలు పెట్టక తప్పుతుందా?

అందుకే ఒక ఆదివారం పొద్దున్నే కూర్చో, పగటి వెలుతురు ఉంటుంది. ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకో, ముఖ్యంగా మదర్‌బోర్డ్ కింది అంచు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకో, లోపల మిగిలిన చార్జ్ పోతుంది. పని చేస్తున్నంతసేపూ మధ్యమధ్యలో ఎస్‌ఎంపీఎస్ రేకును ముట్టుకుంటూ ఉండు, ఒంటి మీది స్టాటిక్ కరెంటు బోర్డులోకి పోదు.

అద్దం ప్యానెల్ విషయంలో జాగ్రత్త. మన ఇళ్లలో ఎక్కువగా గ్రానైట్ బండలో, టైల్సో ఉంటాయి. టెంపర్డ్ గ్లాస్ మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కానీ అంచు గానీ మూల గానీ టైల్ మీద కాస్త తగిలితే మొత్తం ఒక్కసారిగా గింజలు గింజలుగా రాలిపోతుంది. తీసిన వెంటనే మంచం మీద, దుప్పటి పరిచి, పడుకోబెట్టెయ్. గోడకు ఆనించి నిలబెట్టకు.

మదర్‌బోర్డ్ విప్పాల్సిన పని లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకు. గ్రాఫిక్స్ కార్డ్ మాత్రం తీసి పక్కన పెట్టు, చేతులకు చోటు దొరుకుతుంది. స్లాట్ చివర ఉండే చిన్న లాక్ నొక్కాకే కార్డ్ లాగాలి. ఇప్పుడు వెనక వేసిన టైలన్నీ కత్తిరించు. కత్తెర మొన వైర్ల వైపు కాకుండా బయటివైపు ఉండేలా చూసుకో. ప్రాసెసర్, ర్యామ్, కూలర్, ఎస్‌ఎస్‌డీ జోలికి పోవద్దు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే కేబుళ్లన్నీ అవతలి చివర ఊడదీసి, కిందికి ఒక గుత్తిగా వేలాడనివ్వు. అక్కడి నుంచి ఒక్కొక్కటిగా.

మొదట సీపీయూ పవర్ కేబుల్. 4, 4 పిన్నులుగా విడిపోయేది. ఇది మదర్‌బోర్డ్ పై ఎడమ మూలకు పోవాలి, అన్నిటికంటే దూరం, అన్నిటికంటే ఇరుకు. వెనక వైపు రేకు అంచు వెంబడి నేరుగా పైకి తీసుకెళ్లి, పై మూలలో ఉన్న రంధ్రంలోంచి ముందుకు తియ్యి. ఆ రంధ్రం ఫ్యాన్ వెనక దాక్కుంటే వెనక ఫ్యాన్ రెండు నిమిషాలు విప్పు, దాని వల్ల పోయేదేమీ లేదు. మధ్యలో వేరే కేబుల్ ఏదీ దీని మీదుగా అడ్డంగా దాటకూడదు. నీ బోర్డు మీద దీని పక్కనే ఇంకో 4 పిన్నుల సాకెట్ ఉండొచ్చు. 7600కు అది ఖాళీగా ఉన్నా నష్టం లేదు, దాని కోసం వెతుక్కోకు. ఒక హెచ్చరిక, గ్రాఫిక్స్ కార్డ్‌కు పోయే, 6, 2 పిన్నులుగా విడిపోయే కేబుల్ కూడా చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది. కానీ 12 వోల్టుల పిన్నులు, గ్రౌండ్ పిన్నులు రెండింటిలో తారుమారుగా ఉంటాయి. పిన్నుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా దూరదు. దూరలేదని బలం ఉపయోగించకు. కేబుల్ మీద సీపీయూ అనో, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డ్‌ది) అనో రాసి ఉంటుంది, చదువు.

కొన్ని చవక ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ కేబుల్ పొట్టిగా ఇస్తారు. వెనక నుంచి తిప్పితే అందక, మదర్‌బోర్డ్ మీదుగా ఐమూలగా లాగాల్సి వస్తుంది. నీదీ అలాగే అయితే అక్కడ మాత్రం ఒక సీపీయూ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనడంలో తప్పు లేదు.

తర్వాత 24 పిన్నుల కేబుల్. నీ ప్యానెల్‌ను నెడుతున్నది ఇదే అని నా అనుమానం. మదర్‌బోర్డ్ కుడి అంచున దాని సాకెట్ ఉంటుంది, దాని ఎదురుగానే రేకులో పెద్ద రంధ్రం, చాలావాటిలో రబ్బరు అంచుతో. వెనక నుంచి ఆ రంధ్రంలోంచి రావాలి, ముందు కనిపించేది జానెడు కూడా ఉండకూడదు. వెనక వైపు చూస్తే మదర్‌బోర్డ్ రేకుకూ ముందు ఫ్యాన్లకూ మధ్య కాస్త లోతైన కాలువలా చోటు ఉంటుంది. లావు కేబుళ్లకు కంపెనీవాళ్లు వదిలిన చోటు అది. 24 పిన్నుల కేబుల్‌ను చేతులతో అదిమి, వెడల్పుగా పరిచి, ఆ లోతులో నిలువుగా కిందికి దించు. మదర్‌బోర్డ్ సరిగ్గా వెనక భాగంలో, అంటే ఖాళీ తక్కువున్న చోట, లావు కేబుల్ ఏదీ పోకూడదు. అక్కడ సన్నవి మాత్రమే. పొడవు మిగిలితే పైన మడత పెట్టకు, కిందికి లాగి ఎస్‌ఎంపీఎస్ పక్కన ఉండే గదిలో మడత పెట్టు. సాకెట్‌లో పెట్టేటప్పుడు లాక్ టక్కుమనేదాకా నొక్కాలి. బోర్డు వంగుతుంటే ఇంకో చేత్తో అంచు పట్టుకో.

నాన్ మాడ్యులర్ కాబట్టి నీకు అక్కర్లేని కేబుళ్లు కూడా తగులుకునే ఉంటాయి. మోలెక్స్ అనే పాతరకం పవర్ కేబుల్ ఒకటి, అదనపు సాటా ఒకటి, రెండో పీసీఐఈ ఒకటి. అవన్నీ కింద గదిలోనే వదులుగా చుట్టి పెట్టెయ్, పైకి ఎక్కనివ్వకు. ఆ గదిలో హార్డ్ డిస్క్ ట్రేలు పెట్టే గూడు ఉంటే, చాలా క్యాబినెట్లలో దాన్ని స్క్రూలు తీసి కాస్త ముందుకు జరపొచ్చు, లేదా పూర్తిగా తీసెయ్యొచ్చు. ఇక్కడ నా సలహా ఒకటి. పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నవి ఎప్పుడో ఒకసారి చూసుకునే ఫొటోలు, సినిమాలే అయితే వాటిని వేరేచోటికి కాపీ చేసి, డిస్క్‌నే క్యాబినెట్‌లోంచి తీసెయ్. ఒక పవర్ కేబుల్, ఒక డేటా కేబుల్, గూడు, మూడూ ఒక్క దెబ్బతో పోతాయి. చక్కగా సర్దిన వైరు కంటే లేని వైరు మేలు.

ఇక ముందు ప్యానెల్ వైర్లు. లావు వాటికంటే ఈ సన్నవే ఎక్కువ విసిగిస్తాయి. పవర్ స్విచ్, రీసెట్, రెండు లైట్లు, ఇవన్నీ మదర్‌బోర్డ్ కింది కుడి మూలలో 9 పిన్నుల దగ్గర పెట్టాలి. స్విచ్‌లకు ప్లస్, మైనస్ తేడా లేదు, ఎటు పెట్టినా పనిచేస్తాయి. లైట్లకు ఉంది, ఉల్టా పెడితే వెలగవు, అంతే, కాలిపోవు. ఇవి బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి ఊడదీయకుండా, వెనక వైపు మాత్రం నాలుగింటినీ కలిపి ఒకే జడలా పోనివ్వు. యూఎస్‌బీ 3 కేబుల్ ఊడదీయాల్సి వస్తే మాత్రం నిదానం. 19 పిన్నుల ఆ కనెక్టర్ బిగుతుగా ఉంటుంది. కేబుల్ పట్టి లాగితే పిన్నులు వంగుతాయి, ఒక్కోసారి బోర్డు మీది ప్లాస్టిక్ గూడు కూడా దాంతో పాటు లేచి వస్తుంది. కనెక్టర్ రెండు చివరలూ పట్టుకుని, నిటారుగా, కొద్దికొద్దిగా అటూ ఇటూ లేపు. ఆడియో కేబుల్ బోర్డు ఎడమ కింది మూలకు పోతుంది, కింది అంచు వెంబడి పంపు చాలు.

నాలుగు లైట్ల ఫ్యాన్లు అన్నావు. ఒక్కోదానికి తిరగడానికి ఒక వైరు, లైటుకు ఒక వైరు, మొత్తం ఎనిమిది. నీ కుప్పలో సగం ఇదే. ఫ్యాన్ చదరంగా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పి బిగించినా సరిపోతుంది. వైరు బయటికి వచ్చే మూల వెనక రేకు వైపు, రంధ్రానికి దగ్గరగా ఉండేలా ఒక్కో ఫ్యాన్ విప్పి తిప్పి బిగించు. నాలుగు స్క్రూలు తీసి పెట్టినంత పని, అద్దంలోంచి కనిపించే వైర్లు ఒక్కసారిగా మాయమవుతాయి. టకటక చప్పుడు కూడా చాలావరకు ఇక్కడే పోతుంది. వదులుగా ఉన్న వైరు ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినప్పుడు తగలదు, వేడెక్కి వేగం పెరిగాక గాలికి ఊగి రెక్కకు తగులుతుంది. అందుకే నీకు ఒక్కోసారే వినిపిస్తోంది.

ఫ్యాన్ హబ్, అంటే ఫ్యాన్ల వైర్లన్నీ ఒకచోట కలిపే చిన్న బోర్డు, ఉంటే దాన్ని వెనక రేకుకు అంటించి, ఎనిమిదీ అక్కడికే చేర్చు. హబ్ లేకపోతే ఒకే పిన్నులకు స్ప్లిటర్‌తో నాలుగు ఫ్యాన్లూ తగిలించేముందు బోర్డు పుస్తకం చూడు. చాలా బోర్డులలో ఒక ఫ్యాన్ సాకెట్ ఇవ్వగలిగేది 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద ఒక్కోటి ఎంత లాగుతుందో రాసి ఉంటుంది, కూడుకో. లైట్ల వైరుకు ఇంకో జాగ్రత్త. 3 పిన్నులది 5 వోల్టులది, బోర్డు మీద 4 పిన్నుల 12 వోల్టుల సాకెట్ కూడా ఉండొచ్చు. 5 వోల్టుల లైట్లను బలవంతంగా దాంట్లో గుచ్చితే ఆన్ చేసిన క్షణంలో పోతాయి. ఏ వైరు ఏ ఫ్యాన్‌దో చిన్న కాగితం టేపు ముక్క మీద పెన్నుతో రాసి అంటించు. ముందు పైది, ముందు కిందిది, వెనకది, ఇలా. వచ్చే ఏడు ఒక ఫ్యాన్ చెడిపోతే ఆ ముక్క నీకు పూట పని మిగులుస్తుంది.

ఇంతకుముందు తర్వాత చెప్తానన్న మాట. ముందు ఫ్యాన్లకు సరిగ్గా వెనక, హార్డ్ డిస్క్ గూడు దగ్గర, మిగిలిన కేబుళ్ల కట్ట పడి ఉందేమో చూడు. గాలికి నిజంగా అడ్డం పడే చోటు ఇదొక్కటే. ఇక్కడ అరచేయి పట్టేంత ఖాళీ వదిలితే చాలు.

గ్రాఫిక్స్ కార్డ్ చివర్లో. 4060కు 115 వాట్లు చాలు, చాలా మోడళ్లకు ఒకే 8 పిన్నుల కేబుల్. స్లాట్ 75 ఇస్తుంది, కేబుల్ 150 ఇవ్వగలదు. కార్డ్ కిందుగా, దగ్గరి రంధ్రంలోంచి కేబుల్ తియ్యి. అదే కేబుల్‌కు ఇంకో 6, 2 పిన్నుల తోక వేలాడుతుంటే దాన్ని వెనక్కి పంపెయ్. రేపెప్పుడైనా రెండు కనెక్టర్లు కావాల్సిన పెద్ద కార్డ్ కొంటే మాత్రం తోకతో సరిపెట్టకు, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీసుకెళ్లు.

ఇప్పటిదాకా ఒక్క టై కూడా వేయొద్దు. ముందు వెనక ప్యానెల్ ఊరికే పెట్టి చూడు. ఎక్కడ పట్టేస్తోందో వేలితో తడిమి, అక్కడ ఏ రెండు కేబుళ్లు ఒకదాని మీద ఒకటి దాటుతున్నాయో చూసి, ఒకదాన్ని పక్కకు జరుపు. ప్యానెల్ రెండు చేతులతో మామూలుగా జరిపితే మూతపడాలి. ఆ తర్వాతే టైలు. రేకు మీద అక్కడక్కడా చిన్న కొక్కేల్లాంటివి ఉంటాయి, వాటిలోంచి దూర్చు. కేబుల్ కదలకుండా ఉంటే చాలు, వేలితో తోస్తే కాస్త జరగాలి. కనెక్టర్ల దగ్గర ఎప్పుడూ బిగించకు, అక్కడ కేబుల్ కొంచెం వంపు తిరిగి వదులుగా ఉండాలి. సాటా డేటా కేబుల్‌నైతే మడత పడేలా అసలు వంచకు. టై తోకను కత్తెరతో కోస్తే మొన మిగిలి, తర్వాత చెయ్యి పెట్టినవాడికి గీరుకుంటుంది. నెయిల్ కట్టర్‌తో కోస్తే నున్నగా వస్తుంది.

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా చిన్న కేబుల్ టైల ప్యాకెట్ దొరుకుతుంది. వెల్క్రో పట్టీలు దొరికితే ఇంకా మంచిది, ఎన్నిసార్లయినా విప్పి వేయొచ్చు. అవి లేకపోతే పాత షూ లేసు ముక్కలైనా పనికొస్తాయి. రబ్బరు బ్యాండ్లు, నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. మన ఎండకు రబ్బరు బ్యాండు పెళుసై తెగుతుంది, కొన్నిసార్లు కరిగి వైరుకు అతుక్కుపోతుంది. టేపు జిగురు కారి, ఆ జిగురుకు దుమ్ము పట్టి, ముట్టుకోబుద్ధి కాకుండా తయారవుతుంది.

క్యాబినెట్ వెనక, గ్రాఫిక్స్ కార్డ్ పక్కన, స్లాట్ల రేకు పట్టీలు ఏవైనా ఊడి ఉంటే తిరిగి పెట్టు. బల్లులు, బొద్దింకలు, చిన్న ఎలుకలు దూరేది ఆ సందుల్లోంచే. ఎంత అందంగా సర్దినా ఎలుక ఒక్క రాత్రిలో కొరికి పారేస్తుంది.

ఫ్రెండ్ చెప్పిన కేబుల్ సెట్ గురించి. కొనకు. నీది నాన్ మాడ్యులర్, దాని కేబుళ్లు లోపలి బోర్డుకే అతికి ఉంటాయి. మార్చే వీలే లేదు. రేపు మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కొన్నా సరే, వేరే కంపెనీ కేబుళ్లు దానికి పెట్టొద్దు. ఒకే కంపెనీలో వేరే మోడల్‌వి కూడా కంపెనీ రాతపూర్వకంగా సరిపోతాయని చెప్తే తప్ప పెట్టొద్దు. మదర్‌బోర్డ్ వైపు, డిస్క్ వైపు పిన్నులకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నులకు లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటారు. కనెక్టర్ చక్కగా దూరుతుంది, 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోతుంది, డిస్క్ అక్కడికక్కడే పోతుంది. మీ ఫ్రెండ్ ఇంట్లో పాత కేబుళ్లన్నీ ఒకే కవర్లో కలిపి పెట్టుకుని ఉంటే, ఈ మాట అతనికీ చెప్పు. రంగురంగుల ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు ప్రమాదం కాదు, అద్దంలోంచి బాగుంటాయి కూడా. కానీ ఒక్కో ఎక్స్‌టెన్షన్‌తో వెనక ఇంకో మూర కేబుల్, ఇంకో లావు కనెక్టర్ జత చేరతాయి. చోటే లేక ఇబ్బంది పడుతున్న నీకు అది ఉన్న బాధను రెండింతలు చేస్తుంది.

అన్నీ పెట్టాక ప్యానెళ్లు మూయకముందే ఒకసారి ఆన్ చెయ్యి. ఆన్ కాకపోతే కంగారు వద్దు, ముందు 24 పిన్నులది, తర్వాత సీపీయూ కేబుల్, గట్టిగా నొక్కి చూడు. ఎక్కువసార్లు వాటిలో ఒకటి సగమే దిగి ఉంటుంది. ఫ్యాన్లు తిరుగుతుంటే చూసి, ఏ రెక్కకూ ఏదీ తగలడం లేదని రూఢి చేసుకుని, బయాస్‌లో, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగుల తెరలో, అన్ని ఫ్యాన్ల వేగం కనిపిస్తోందో లేదో చూడు. హబ్‌కు కలిపినవి ఒక్కటిగానే కనిపిస్తాయి, అది మామూలే. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని ఊదు, బ్లోయర్ గాలికి విపరీతంగా తిరగనివ్వకు.

ఇంత చేసినా వచ్చే ఎండాకాలం 85 చూసి నీకు మనసు ఊరుకోకపోతే, కేబుల్ సెట్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో ప్రాసెసర్ మీద బిగించే ఒక మామూలు టవర్ కూలర్ కొనుక్కో. వేడి నిజంగా తగ్గేది దాంతోనే. కొనేముందు నీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో మిల్లీమీటర్లలో చూసుకో, నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కు బిగుస్తుందో లేదో అడుగు. దాని ఫ్యాన్ వైరును మాత్రం హబ్‌కు పెట్టకు, బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే పెట్టు. అక్కడ ఏమీ తిరగడం లేదనిపిస్తే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.